జారడం వేరు, పడటం వేరు

హైదరాబాద్ శివార్లలోని మా మీర్‌పేట్ నుంచి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే ప్లాట్ల హద్దురాళ్ల మధ్య అక్కడక్కడ ఇంకా కొన్ని బండలు మిగిలి ఉన్నాయి. పడుకున్న ఏనుగు వీపులా ఉంటాయి. మా చిన్నప్పుడు వాటిలో ఒకదానికి పైనుంచి కింది దాకా రెండు జానల వెడల్పున ఒక చార అద్దంలా మెరిసేది. దాన్ని ఏ ఉలీ చెక్కలేదు. మా అన్నల లాగులు, వాళ్లకు ముందు మా నాయన లాగులు, ఆ ముందు ఎవరివో గోచీలు, అన్నీ కలిసి అరగదీసిన చార అది. జారుడుబండ. లాగు చిరిగితే ఇంట్లో వీపు చిట్లుతుంది కాబట్టి కాస్త తెలివైనవాళ్లం తాటిమట్ట వేసుకుని జారేవాళ్లం. మట్ట మొదట్లో వెడల్పుగా ఉన్నచోట కూర్చుని, సన్నటి కొస చేత పట్టుకుంటే అదే బండి, అదే కళ్లెం.

నలభై దాటాక, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో కాళ్లకు రెండు స్కీలు బిగించుకుని మంచు వాలు అంచున నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తాటిమట్టే. బయల్దేరేముందు గంటల తరబడి చూసిన యూట్యూబ్ వీడియోలు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఈ ప్రయాణం సంగతి చెప్పినప్పుడు మా అమ్మ అడిగింది ఒకటే. "గా మంచుల నీకేం పని బిడ్డా? మనకాడ లేదా మంచు?" మా కాలనీ మిత్రుడు ఇంకాస్త సూటిగా, "ఔలీకి పోయేటోడు హౌలాగాడు" అని తేల్చేశాడు. అతని మాట ఎలా ఉన్నా అమ్మ మాటలో తప్పేం లేదు. తెలుగులో గడ్డిపరక మీద నీటిబొట్టూ మంచే, డిసెంబరు పొద్దున చెరువు మీద కమ్మే తెల్లటి తెరా మంచే, లంబసింగిలో ఆకుల అంచున పేరుకునే తెల్లటి పొడీ మంచే, హిమాలయాల నెత్తిన ఉండేదీ మంచే. మొదటి రెండూ నీళ్లు, తర్వాతి రెండూ గడ్డకట్టినవి. అన్నిటికీ ఒకే మాట సరిపెట్టుకున్నాం. మన వాతావరణానికి అంతకంటే అక్కర లేదు మరి. హైదరాబాద్ నగరపు రికార్డుల్లో అతి చల్లని రోజు 1946 జనవరి 8. ఆ రోజు కూడా పాదరసం 6.1 డిగ్రీల దగ్గరే ఆగింది. నీరు గడ్డకట్టాలంటే ఇంకో ఆరు డిగ్రీలు దిగాలి.

ఔలీ మనవాళ్లకు బొత్తిగా తెలియని చోటేమీ కాదు. బదరీనాథ్ యాత్రకు బస్సులో వెళ్లిన తెలుగువాళ్లంతా జోషీమఠ్ దాటే ఉంటారు. ఆదిశంకరుల నాలుగు మఠాల్లో ఉత్తరాన ఉన్నది అక్కడే. చలికాలం బదరీనాథ్ గుడి తలుపులు మూశాక స్వామికి పూజలు జరిగేదీ అక్కడి నరసింహాలయంలోనే. ఆ ఊరి నెత్తిమీద ఉంటుంది ఔలీ. ఊరి ఎత్తు 1,900 మీటర్లకు కాస్త లోపు, ఔలీ వాలులు సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య. రెంటినీ కలుపుతూ నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉంది. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. పాత కొండచరియల శిథిలాల మీద కూర్చున్న ఊరది. అక్కడ బరువైన కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. ఎవరు విన్నారు! మేం వెళ్లిన ఫిబ్రవరిలో రోప్‌వే తీగలు ఖాళీగా వేలాడుతున్నాయి. జీపులో మలుపులు తిరుగుతూ పైకి చేరాం.

స్కీలు బిగించుకున్న ఐదో నిమిషంలో మొదటి పాఠం దక్కింది. చదునైన నేలే కదా అని నిలబడి, కింద పడ్డ గ్లవ్ తీసుకుందామని వంగాను. నేను వంగుతూనే ఉన్నాను, కాళ్లు మాత్రం నన్ను వదిలేసి ముందుకు బయల్దేరాయి. ఎనిమిది, పది అడుగులు అలా వంగిన మనిషిని వంగినట్టే మోసుకెళ్లి, ఒక మంచుకుప్ప పక్కన కూలేశాయి. లేచి వెనక్కి చూస్తే ఇప్పుడూ అది చదునుగానే కనిపించింది. కంటికి ఆనని వాలు స్కీకి ఎలా తెలిసింది?

జవాబు జారుడుబండ దగ్గరే ఉంది. ఒక పీట మీద పుస్తకం పెట్టి, పీటను ఒక పక్క మెల్లగా ఎత్తుతూ పోండి. కొంతదాకా పుస్తకం కదలదు. ఒక కోణం దాటగానే జర్రున జారుతుంది. ఆ కోణం పుస్తకం బరువు మీద ఆధారపడదు. రెండు తలాల మధ్య ఉన్న ఘర్షణ మీదే ఆధారపడుతుంది. ఆ కోణపు టాంజెంటు విలువనే ఘర్షణ గుణకం అంటాం. పదో తరగతి త్రికోణమితి ఇంతకన్నా ఉపయోగపడే చోటు నాకు తెలియదు. రాతికీ లాగు గుడ్డకీ మధ్య గుణకం 0.4 నుంచి 0.5 దాకా ఉందనుకుంటే, బండ 22 నుంచి 27 డిగ్రీలు వాలి ఉంటేనే పిల్లవాడు జారతాడు. అందుకే జారుడుబండలన్నీ బాగా ఏటవాలుగా ఉంటాయి. మైనం పూసిన స్కీకీ మంచుకీ మధ్య ఆ గుణకం సుమారు 0.05. అంటే మూడు డిగ్రీల వాలు చాలు. వంద మీటర్లు నడిస్తే ఐదు మీటర్లు దిగే నేల. మన ఫ్లైఓవర్ దిగే వాలు కంటే కాస్త ఎక్కువ, అంతే. చుట్టూ నలభై డిగ్రీల కొండలు నిలబడి ఉన్నచోట మూడు డిగ్రీల తేడా కంటికి ఆనదు.

కొత్తవాళ్లకు నేర్పే చిన్న చిన్న స్కీ రిసార్టులు పెద్ద పర్వతాల కోసం వెతుక్కోకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో మన పిల్లలు శని, ఆదివారాల్లో కార్లేసుకుని వెళ్లే చోట్లలో కొన్ని కొండలే కావు, గుట్టలు. మిచిగన్‌లోని మౌంట్ బ్రైటన్ పేరుకు పర్వతమే గానీ, పైనుంచి కిందికి ఉన్న తేడా 70 మీటర్లు. మన గోల్కొండ గుట్టే 120 మీటర్లు ఉంటుంది.

అసలు మంచు ఎందుకంత జారుతుంది? బడిలో చెప్పిన జవాబు నాకు బాగానే గుర్తుంది. మంచును ఒత్తితే అది తక్కువ ఉష్ణోగ్రతలోనే కరుగుతుంది, ఆ పలచటి నీటి పొర మీద జారతాం. 1886లో జాన్ జోలీ అనే ఐరిష్ శాస్త్రజ్ఞుడు ఐస్ స్కేట్ల విషయంలో ఈ వివరణే ఇచ్చాడు. నీటికి ఆ గుణం ఉన్నమాట నిజమే. ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. ఒక వాతావరణ పీడనం పెంచితే ద్రవీభవన స్థానం తగ్గేది 0.0074 డిగ్రీలు. ఇక నా లెక్క వేద్దాం. బట్టలూ బూట్లతో కలిపి 80 కిలోలు. మీటరున్నర పైచిలుకు పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెండు పలకల మీద ఆ బరువు పరుచుకుంది. బురద మడిలో చెక్క వేసుకుని నిలబడితే కాలు దిగబడనట్టు, స్కీ చేసే మొదటి పనే బరువును పరచడం. లెక్క కడితే నా వల్ల మంచు మీద పడ్డ పీడనం 0.03 వాతావరణాలు. దానివల్ల ద్రవీభవన స్థానం తగ్గేది ఒక డిగ్రీలో నాలుగైదు వేల వంతు. మైనస్ ఐదు డిగ్రీల మంచు నా బరువుకు చలించి కరగడం జరిగే పని కాదు. ఇంత తేలికైన గుణకారానికే తేలిపోయినా ఈ వివరణ వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో బతికేసింది!

1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఇంకో దారి చూపారు. స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ దగ్గర మంచుగుహలో ప్రయోగాలు చేసి, నీటి పొరను పుట్టించేది రాపిడి వేడి అన్నారు. రుజువుగా వాళ్లు చూపింది భలే సులువైన సంగతి. ఇత్తడితో చేసిన స్కీ కంటే ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన స్కీ బాగా జారింది. ఇత్తడి వేడిని ఇట్టే లాక్కుపోతుంది. ఎబొనైట్ లాక్కోదు కాబట్టి పుట్టిన వేడి మంచు దగ్గరే నిలిచి కరిగిస్తుంది. ఇత్తడి గిన్నె చెయ్యి కాలుస్తుందని, కర్రపిడి కాల్చదని వంటింట్లో తెలిసినదే.

అయితే ఇందులోనూ ఒక చిక్కుంది. రాపిడి లేకుండా ఊరికే నిలబడ్డవాడు ఎందుకు జారతాడు? గ్లవ్ తీసుకోబోయిన నేను ఎవర్నీ రాపాడించలేదు కదా. దీనికి దారి 1850 నాటిది. లండన్‌లో మైకేల్ ఫారడే రెండు ఐసుముక్కలను ఒకదానికొకటి ఆనించి, అవి అతుక్కుపోవడం చూపించాడు. మన ఫ్రిజ్‌లో గిన్నెడు ఐసుముక్కలు మర్నాటికి ఒకే ముద్దగా మారడం అందరం చూసిందే. మంచు ఉపరితలం మీద ఎప్పుడూ ఒక పలచటి నీటిలాంటి పొర ఉంటుందని, రెండు ముక్కల మధ్య చిక్కినప్పుడు ఆ పొర గడ్డకడుతుందని ఫారడే ఊహ. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పటి కొలతలు ఆయన పక్షానే ఉన్నాయి. గడ్డ లోపల ప్రతి నీటి అణువూ నాలుగు చేతులా పక్కవాటిని పట్టుకుని ఉంటుంది. అంచున ఉన్నదానికి పట్టుకోవడానికి పైన ఎవరూ లేరు. అది వదులుగా ఉంటుంది. 2018లో ఆమ్‌స్టర్‌డామ్, మైన్జ్ పరిశోధకులు కలిసి చేసిన పనిలో ఈ వదులు అణువులు ఉపరితలం మీద దొర్లుతాయని, మైనస్ 7 డిగ్రీల దగ్గర మంచు అన్నిటికంటే ఎక్కువగా జారుతుందని తేలింది. మనం నేల మీద గోటీలు పరచి వాటి మీద అడుగేసినట్టన్నమాట. అంతకంటే వెచ్చబడితే మంచు మెత్తబడి స్కీ దిగబడుతుంది. మరీ చల్లబడితే అణువులు బిగుసుకుని మంచు ఇసుకలా పట్టేస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 2025లో జర్మనీలోని జార్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు, పీడనమూ రాపిడీ ముఖ్యం కాదని, తగిలిన వస్తువులోని విద్యుదావేశాల అమరిక మంచు పైపొరను చెదరగొడుతుందని కంప్యూటర్ నమూనాలతో వాదించారు. జారడం గురించిన మాట జార్లాండ్ నుంచే రావడం చూసి నవ్వుకోగలిగేది ప్రపంచంలో తెలుగువాళ్లం మాత్రమే. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో గానీ, నా మటుకు ఇది చూస్తే ముచ్చటేస్తుంది. కాలు జారి నడ్డి విరగ్గొట్టుకోవడమంత పాత అనుభవానికి కారణం ఏమిటన్నది ఇంకా నడుస్తున్న తగాదానే.

ఇక నిలబడటం. నాకు నేర్పినతను జోషీమఠ్ కుర్రాడు, పాతికేళ్లుంటాయి. వాళ్ల భాషలో వాలు మైదానాన్ని బుగ్యాల్ అంటారు. వేసవిలో పశువుల మేత, చలికాలంలో స్కీ పాఠాలు. అతను మూడు రోజుల్లో ఎన్ని మాటలన్నాడో గానీ, ఎక్కువసార్లు అన్నది ఒకటే. "ఘుట్నే మోడో సాబ్, ఆగే ఝుకో!" మోకాళ్లు వంచు, ముందుకు వాలు. నేను వంచేవాణ్ని, వాలేవాణ్ని. స్కీలు కదలడం ఆలస్యం, ఒళ్లంతా దానంతటదే వెనక్కి వాలిపోయేది. కొండ దిగుతున్నవాడు వెనక్కి వాలకపోతే ముందుకు బొక్కబోర్లా పడతాడని నలభై ఏళ్లుగా నా వెన్నెముకకు తెలుసు. అది నా మాట వినదు, కుర్రాడి మాట అంతకన్నా వినదు. వెనక్కి వాలగానే బరువు స్కీల తోకల మీదికి పోతుంది, ముక్కులు గాల్లో తేలతాయి, తిప్పుదామంటే తిరగవు. స్కీలు ముందుకు, నేను వెనక్కి.

రెండో రోజు మధ్యాహ్నం, అతను విసుగెత్తి టీ తాగడానికి వెళ్లినప్పుడు నాకు కోఠి నుంచి ఇంటికి వచ్చే సిటీ బస్సు గుర్తొచ్చింది. సాయంత్రం ఆ బస్సులో సీటు దొరకడం కల్ల. రాడ్డు పట్టుకునే చోటు కూడా దొరకనిరోజు మనం ఏం చేస్తాం? డ్రైవర్ గేరు మార్చే చప్పుడు వినబడగానే, బస్సు ముందుకు దూకేలోపే ఒళ్లు ముందుకు వంచుతాం. ఎవరూ నేర్పలేదు. దూకే బస్సులో "కింద" అనేది నేలకు సూటిగా ఉండదు, కాస్త వెనక్కి వాలుతుంది. పై కమ్మీకి ఒక సంచి వేలాడదీసి చూడండి, బస్సు వేగం పుంజుకున్నంతసేపూ సంచి వెనక్కే ఒరిగి ఉంటుంది. ఆ సంచి తాడు చూపించేదే ఆ క్షణానికి అసలైన నిలువు. మనిషి దాని వెంటే నిలబడాలి.

మంచు వాలూ ఒక బస్సే. ఊరికే నిలబడ్డవాడికి నిలువు అంటే ఆకాశం వైపు. జారడం మొదలైనవాడు క్షణక్షణానికీ వేగం పుంజుకుంటున్నాడు. ఘర్షణ అసలు లేదనుకుంటే, అతను పట్టుకున్న మేస్త్రీ గుండు సరిగ్గా వాలుకు లంబంగా వేలాడుతుంది. పది డిగ్రీల వాలైతే అతని నిలువు కూడా పది డిగ్రీలు లోయ వైపు ఒరుగుతుంది. కొంచెం ఘర్షణ ఉంటే ఆ మేరకు కొంచెం తక్కువ. గట్టు మీదున్నవాడి కంటికి అతను ముందుకు పడిపోతున్నట్టు కనబడతాడు. నిజానికి అతను తిన్నగా నిలబడి ఉన్నాడు. వెనక్కి వాలిన నేనే, బస్సు దూకినప్పుడు ఏమరుపాటుగా ఉన్న ప్రయాణికుణ్ని. కుర్రాడు టీ ముగించుకుని వచ్చేసరికి నేను బస్సెక్కిన మనిషిలా రెండు మూడు గజాలు జారి చూపించాను. "అబ్ సమ్ఝే" అన్నాడు. బస్సు సంగతి అతనికి చెప్పలేదు.

జారడం వచ్చాక ఆగడం రావాలి. ఆరు డిగ్రీల వాలు తీసుకుందాం. చిన్నపిల్లలకు నేర్పే వాలది. గుణకం 0.05 అనుకుని, గాలి అడ్డు వదిలేసి లెక్కవేస్తే యాభై మీటర్లు జారేసరికి వేగం గంటకు 26 కిలోమీటర్లు. వంద మీటర్లకు 37. కాలనీ రోడ్డు మీద బండి నడిపే వేగం, బ్రేకు లేకుండా. బ్రేకు మనమే తయారుచేసుకోవాలి. స్కీల ముక్కులు దగ్గరికి, తోకలు దూరంగా పెట్టి, లోపలి అంచులు మంచులోకి గుచ్చాలి. పైనుంచి చూస్తే తిరగేసిన వి ఆకారం. పిల్లలకు పిజ్జా ముక్క అని చెబుతారట. మా కుర్రాడు సమోసా అన్నాడు. నాకు దుక్కిలో నాగలి కర్రు గుర్తొచ్చింది. పని కూడా అదే, మంచును పక్కలకు దున్నుకుంటూ పోవడం. 70 కిలోల మనిషి నిలువునా పది మీటర్లు దిగితే పోగొట్టుకోవలసిన శక్తి సుమారు 6,900 జౌళ్లు. అదంతా వేడిగా మారి మంచులోకే పోయినా కరిగేది 20 గ్రాములు. నాలుగు చెంచాల నీళ్లు. నా తొడలు మాత్రం ఆ రాత్రి ఆ లెక్కను ఒప్పుకోలేదు.

పడటంలోనూ పద్ధతుంది. పక్కకు, కొండ వైపుకు, తుంటి మీద పడాలి. చేతులు ముందుకు చాచి పడితే చేతిలోని స్కీ కర్ర పట్టీలో ఇరుక్కున్న బొటనవేలి లిగమెంటు తెగవచ్చు. వైద్యులు దానికి స్కీయర్ బొటనవేలు అనే పేరే పెట్టారు. లేచేటప్పుడు స్కీలను వాలుకు అడ్డంగా, మన ఒంటికి దిగువన పెట్టుకోవాలి. ఆ సంగతి తెలియక మొదటి రోజు లేచిన ప్రతిసారీ మళ్లీ బయల్దేరిపోయేవాణ్ని.

అంత పొడుగు స్కీ కాలికి బిగిసే ఉండగా మనిషి పడితే ఎముక విరగాల్సిందే. అమెరికాలో స్థిరపడ్డ నార్వే స్కీ వీరుడు హ్యాల్మర్ హ్వామ్ 1937లో కాలు విరిగి మంచాన పడ్డాడు. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. తిప్పుడు బలం హద్దు మీరితే దానంతటదే ఊడే బైండింగ్‌కు రూపం ఇచ్చింది ఆయనే. మన ఇంటి ఫ్యూజ్ తీగలాంటిదది, తాను ఊడిపోయి కాలిని కాపాడుతుంది. ఎంత బలానికి ఊడాలన్నది మన బరువు, ఎత్తు, వయసు, నేర్పును బట్టి అంకె పెట్టి బిగిస్తారు. ఆ అంకె దగ్గర మొహమాటపడి "నాకు వచ్చులే" అనకూడదు. ఇంతకు ముందు తరం బైండింగుల్లో ఒకదాని పేరు కాందహార్. మంచుకూ ఆ ఊరికీ సంబంధం ఏమిటంటారా? 1911లో స్విట్జర్లాండ్‌లో జరిగిన తొలినాటి స్కీ పరుగుపందేనికి కప్పు ఇచ్చిన లార్డ్ రాబర్ట్స్ బిరుదులో ఆ ఊరి పేరుంది, రెండో ఆఫ్ఘన్ యుద్ధంలో గెలిచినందుకు. ఆ యుద్ధం తర్వాత 1881 నుంచి 1885 దాకా ఆయన మద్రాసు సైన్యానికి సేనాధిపతి. మన కోస్తా, సీమ జిల్లాల సిపాయిలు ఆయన కిందే పనిచేశారు. కుర్చీలు వేలాడే స్కీ లిఫ్టుకైతే ఉష్ణమండలంతో ఇంకా దగ్గరి చుట్టరికం. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో మొదటిదాన్ని రూపొందించిన జేమ్స్ కరన్, అంతకుముందు అరటిగెలలను ఓడల్లోకి ఎక్కించే తీగమార్గాలు చూసినవాడు. గెల వేలాడే చోట మనిషిని కూర్చోబెట్టాడు.

ఒంటి సంగతి క్లుప్తంగా. ఔలీ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి మూడొంతుల కంటే తక్కువ. మీర్‌పేట్‌లో అది 94 శాతం దాకా ఉంటుంది కాబట్టి మొదటిరోజు మెట్లెక్కితే ఆయాసం వస్తే భయపడక్కర్లేదు. చలి కంటే ఎండతో జాగ్రత్త. వెయ్యి మీటర్లు ఎక్కినకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా కిందినుంచి తిప్పికొడుతుంది. ముక్కు కిందిభాగం కమిలేది ఇందుకే. నల్లకళ్లద్దాలు లేకపోతే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. నూలు బట్టలు వద్దు. చెమటకు తడిస్తే ఒంటి వేడిని పీల్చేస్తాయి. రాతికొండల మీద పెరిగినవాళ్లం మంచుకు పనికిరామని మాత్రం అనుకోవద్దు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె కొండెక్కడం మొదలుపెట్టింది భువనగిరి బండ మీద.

ఇక అసలు మంచే లేకపోతే? ఇప్పుడు పెద్ద ప్రశ్న అదే. హిమాలయాలకు చలికాలపు మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. 2024 జనవరిలో అవి ముఖం చాటేశాయి. కశ్మీర్‌లోని గుల్మార్గ్ మైదానం ఆ నెలలో చాలాభాగం గోధుమరంగు గడ్డితో బోడిగా మిగిలింది. ఔలీలోనూ మంచు చాలక పోటీలు రద్దయిన ఏళ్లున్నాయి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ కృత్రిమ సరస్సు తవ్వి, మంచు కక్కే యంత్రాలు తెచ్చారు. మంచును తయారుచేయడం ఏమిటని ఆశ్చర్యపోయేవాళ్లు తమ ఇంటి కిటికీకి ఉన్న కూలర్ని చూడాలి.

కూలర్ చేసే పని ఏమిటి? గడ్డి మీద నీళ్లు చల్లి, దాని గుండా గాలి లాగుతుంది. కొంత నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, మిగిలింది చల్లబడుతుంది. మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండేదీ అందుకే. ఇలా ఎంతదాకా చల్లబడగలదో చెప్పే అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలుస్తారు కాబట్టి ఆ పేరు. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడిబల్బు 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకే హైదరాబాద్‌లో కూలర్ హాయి. మచిలీపట్నంలో అదే కూలర్ ఉక్కపోతకు తోడు.

మంచు యంత్రం కొండ మీద పెట్టిన కూలర్. 1950లో అమెరికాలోని కనెటికట్‌లో, మంచు పడక స్కీలు అమ్ముడుపోని ముగ్గురు వ్యాపారులు పెయింట్ కొట్టే కంప్రెసర్‌కు తోట గొట్టం తగిలించి మొదటిదాన్ని నడిపారు. నీటిని సన్నటి తుంపరగా చిమ్మితే, ఒక గ్రాము ఆవిరయ్యేటప్పుడు లాక్కుపోయే వేడి ఏడు గ్రాములు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడికి సరిపోతుంది. గాలి సున్నా డిగ్రీల దగ్గరున్నా, తేమ 30 శాతమే ఉంటే తడిబల్బు మైనస్ 4 దాకా దిగుతుంది. మంచు తయారు. అదే చలిలో గాలి చెమ్మగా ఉంటే యంత్రం కక్కేది ఉత్త నీళ్లే. ఇంకో మెలిక కూడా ఉంది. శుభ్రమైన నీటి తుంపర సున్నా దగ్గర గడ్డకట్టదు, మైనస్ 38 దాకా నీరుగానే మొండికేయగలదు. పెరుగుకు తోడు కావాలన్నట్టే మంచుకూ ఒక తోడు కావాలి, దుమ్ము రేణువో మరోటో. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింగే అనే బాక్టీరియా ఒంటి ప్రొటీను ఈ పనికి బహు నేర్పరి. దాన్ని పొడి చేసి నీళ్లలో కలిపే యంత్రాలున్నాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్ వాలులు దాదాపు మొత్తం యంత్రాలు పోసిన మంచే. మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు, కశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ జారిందీ దాని మీదే.

హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ దిగువన ఇందిరా పార్కు పక్కన 2004 జనవరి 28న తెరిచిన స్నో వరల్డ్ దారి వేరు. అక్కడ తడిబల్బుతో పనిలేదు, హాలు మొత్తాన్నీ పెద్ద ఫ్రిజ్‌లా మైనస్ 5 డిగ్రీలకు దించుతారు. మా పిల్లలు మొదటిసారి మంచు ముట్టుకున్నది అక్కడే. రెండు దశాబ్దాలుగా మన ఊళ్ల పిల్లలకు మంచు పరిచయం చేసిన చోటుగా దాన్ని నేను చిన్నచూపు చూడను. అయితే కొండ మీది వాలు, గాలి, లోయ వైపు ఒరిగే నిలువు అక్కడ ఉండవు.

ఆఖరి రోజు నేను ఆ ఆరు డిగ్రీల వాలు మీద ఎనభై మీటర్ల దాకా, సమోసా పెట్టుకుంటూ, పడకుండా దిగాను. పక్కనుంచి ఐదేళ్ల గఢ్వాలీ పాప కర్రలు లేకుండా నన్ను దాటుకుని పోయింది.

మీరు వెళ్లదలిస్తే జనవరి చివర నుంచి ఫిబ్రవరి లోపల చూసుకోండి. గ్లవ్‌లు రెండు జతలు పట్టుకెళ్లండి, మొదటి జత మధ్యాహ్నానికే తడిసిపోతుంది. రైలు టికెట్లు తీసుకునే ముందు అక్కడికి ఫోన్ చేసి ఒక్క మాట కనుక్కోండి, మంచు పడిందా అని.